ఎర్రలైటు ఆరేదాకా

సాయంత్రం బస్సు దిగి సందులోకి మళ్లగానే మెషినాయన తలెత్తి మూడో అంతస్తులో తమ కిటికీ వంక చూస్తాడు. కిటికీలో వెలుతురుంటే భార్య పని నుంచి వచ్చేసిందని అర్థం. చీకటిగా ఉంటే ఆవిడకు ఓవర్‌టైమ్ పడిందని అర్థం. అంతేగానీ ఇంట్లో మనిషి లేడని కాదు. బావమరిది పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. ఉండీ చీకట్లో కూర్చుంటాడు గానీ లేచి లైటు వేసుకోడు. ఎందుకు వేసుకోడో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఆ మాట ఎత్తరు.

ఆ రోజు కిటికీలో వెలుతురుంది. హమ్మయ్య అనుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఊళ్లోవాళ్ల వాషింగ్ మెషిన్లు బాగుచేసి బాగుచేసి ఆయన నడుము పాడైంది. ఒంట్లో మిగిలిన కాస్త ఓపికా మెట్ల మలుపు దగ్గర అయిపోతుంది. అక్కడ చేతిసంచి కింద పెట్టి, పైనుంచి ఎవరో దిగుతుంటే దారి ఇస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకుంటాడు. భవనానికి లిఫ్టు లేక కాదు. ఉంది. దాని తలుపు మీద అంటించిన "పనిచేయదు" అన్న కాగితం చిరిగిపోతే, లిఫ్టు బాగుచేయించడం మాని కొత్త కాగితం అంటించారు. అలాంటి భవనం అది.

తలుపు తీసేసరికి బావమరిది హాల్లో తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. టీవీ ఆపేసి ఉంది. టీవీ కింద బూడిదరంగు ఆటలపెట్టె ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

"ఏరా చిన్నోడా, ఇవాళ ఆడలేదా?"

"ఆడాను బావా."

"మరి?"

"నిన్న ఆడిందంతా పోయింది. మళ్లీ పాత కోట దగ్గరకే వచ్చింది."

చిన్నోడు అంటే ఏ పదేళ్లవాడో కాదు, ముప్పై దాటినవాడు. అక్క నోట చిన్నోడయ్యాడు కాబట్టి అందరికీ చిన్నోడే. మెషినాయన చెప్పులు విడుస్తూ వంటగది వైపు చూశాడు. భార్య గరిట పట్టుకుని తలుపు దగ్గరకొచ్చి, తమ్ముడి వీపు వంక ఒకసారీ మొగుడి మొహం వంక ఒకసారీ చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపుకి మాటలక్కర్లేదు. ఏదో ఒకటి చెయ్యండి అని దాని భావం.

ఏదో ఒకటి చెయ్యాల్సిన వాడు తనేనని మెషినాయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్నోడు అంతకుముందు బావ దగ్గరే పనిచేసేవాడు. సన్నటి మనిషి. బావ పొట్ట పట్టని సందుల్లోకి తను దూరేవాడు. మెషిను వెనక పైపులూ బెల్టులూ వాడి రాజ్యం, ముందు కూర్చుని ఇంటివాళ్లతో కబుర్లు చెప్పడం బావ రాజ్యం. జేబుల్లో మరిచిపోయిన చిల్లరా, తలపిన్నులూ, ఒంటరి మేజోళ్లూ డ్రమ్ములోంచి బయటికి తీసినప్పుడల్లా "దొంగ దొరికాడు బావా" అని అరిచేవాడు. పోయిన ఏడు ఒక ఇంట్లో, స్నానాలగది పక్కన ఇరుకు మూలలో మెషిను. చిన్నోడు వెనక్కి దూరాడు. స్విచ్‌బోర్డు గది బయట ఉంది. మెషినాయన వెళ్లి స్విచ్ నొక్కి, "ఆపేశా, చెయ్యి పెట్టు" అన్నాడు. ఆ బోర్డు మీద స్విచ్‌లన్నీ అన్నదమ్ముల్లా ఒకే పోలికలో ఉన్నాయి. ఆయన ఆపింది పక్కది.

వాడు బతికాడు. అంతవరకు అదృష్టమే. కుడి అరచేతిలో కాలిన మచ్చ మానింది గానీ వేళ్లు రెండు ముడుచుకోవడం మానేశాయి. అంతకంటే పెద్ద దెబ్బ మనసుకి తగిలింది. స్విచ్‌బోర్డు వైపు చెయ్యి వెళ్లదు. పనికి రమ్మంటే రాడు, వీధిలోకి రమ్మన్నా రాడు. బావను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మెషినాయన చాలాసార్లు అనుకున్నాడు. తిట్టు తిన్నవాడికి జవాబు చెప్పే దారి ఉంటుంది. ఏమీ అననివాడి ముందు మనిషి ఎక్కడని కూర్చుంటాడు? భార్య కూడా ఏమీ అనలేదు. ఆసుపత్రిలో తమ్ముడి పక్కన కూర్చుని, "ఏవండీ, టీ తాగారా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ ఆయన గుండెలో గుచ్చుకునే ఉంది.

ఆ తర్వాతే మెషినాయన ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. వస్తువు ఏదైనా సరే, దాని మీదున్న బటన్ నొక్కి ఊరుకోకూడదు. బటన్ మాట నమ్మొద్దు. గోడ దగ్గర స్విచ్ ఆపితేనే కరెంటు పోయినట్టు. ఈ మాట భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఆవిడకు అంత పోరక్కర్లేకపోయింది. ఫ్యానుగానీ మిక్సీగానీ ఇస్త్రీపెట్టెగానీ, ఆగీ ఆగకముందే ఆవిడ చెయ్యి గోడ మీద ఉంటుంది. గుమ్మంలో చెప్పులు విడిచినంత మామూలైపోయింది. ఎవరూ చూడరు, ఎవరూ చెప్పుకోరు.

ఇక ఆటలపెట్టె సంగతి. చిన్నోడి చేతికి వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ ఒకసారి మెషినాయనను పక్కకు పిలిచి, "రబ్బరుబంతి ఇస్తే పిసకడంలేదు, పక్కన పెట్టేస్తున్నాడు. ఈ కొద్ది నెలల్లో వేళ్లు ఆడితే ఆడినట్టు. లేకపోతే అలాగే బిగుసుకుపోతాయి. తనకిష్టమైన పనేదైనా ఆ వేళ్లకు చెప్పండి" అంది. ఇష్టమైన పనేమిటా అని మెషినాయన తల బద్దలు కొట్టుకున్నాడు. భార్యే గుర్తుచేసింది. చిన్నప్పుడు వీడు బడి ఎగ్గొట్టి వీధి చివర వీడియోగేముల కొట్లో దొరికేవాడట. ఒక పొట్టివాడు దీపం పట్టుకుని కోట తర్వాత కోట దాటుకుంటూ పోయే ఆట. ఎప్పుడూ చివరి కోట చూడలేదట. అక్కడికి చేరేలోపు కొట్టు మూసే వేళయ్యేదో, అక్క వచ్చి చెవి పట్టుకునేదో.

సెకండ్‌హ్యాండ్ సామాన్ల కొట్టాయన దగ్గర మెషినాయనకు ఆ ఆటే దొరికింది. పైన చూస్తే పాతకాలం గేముల మెషిను లాగే ఉంటుంది. బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె, ముందు రెండు బటన్లు, ఒక ఎర్రలైటు, ఆడటానికి తీగ చివర రిమోటు లాంటి బటన్ల బిళ్ల. లోపల మాత్రం అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, గోరంత మెమరీ కార్డు. పాత ఆటలన్నీ ఆ గోరులోనే ఉన్నాయి. పెట్టె చూడగానే చిన్నోడు లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత వాడంతట వాడు లేచి కూర్చోవడం అదే. పనికిరాని వేళ్లు బటన్ల మీద తడబడుతూ, జారుతూ, పొట్టివాణ్ని గోతిలో పడేస్తూ, మళ్లీ లేపుతూ నానా తంటాలు పడ్డాయి. అక్క పొద్దున్న పనికి వెళ్తూ టీవీదీ పెట్టెదీ గోడ స్విచ్‌లు వేసి వెళ్లేది. వాడు పగలంతా ఆడేవాడు.

కానీ ఇవాళ ఆడింది రేపటికి ఉండటంలేదు. ఎంత చచ్చీచెడీ ముందుకు పోయినా, మర్నాడు పెట్టె వెయ్యగానే పొట్టివాడు ఏ మొదటి కోట గుమ్మంలోనో దీపం పట్టుకుని నిలబడి ఉండేవాడు. కోట తలుపుల తాళాలు మళ్లీ మొదట్నుంచీ వెతుక్కోవాలి. అలా పోయినప్పుడల్లా చిన్నోడు గోడవైపు తిరిగేవాడు. చేతికి పని ఆగిపోయేది.

భార్య ఆ చూపు చూసిన మర్నాడు మధ్యాహ్నం మెషినాయన కొట్టాయన దగ్గరకెళ్లాడు. వీధివాళ్లంతా ఆ కొట్టాయన్ని చాటుగా "ఓపనిచెయ్యిగారు" అంటారు. ఏ ఫిర్యాదు తెచ్చినా ఆయన నోట్లోంచి మొదట వచ్చే మాట అదే.

"ఓ పని చెయ్యి," అన్నాడు ఆయన, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి. "పెట్టె మూత విప్పి చూడు. లోపల పలక మీద బియ్యపుగింజంత స్విచ్ ఒకటుంటుంది. సేఫ్ షట్‌డౌన్ అంటారు. అది పక్కకు జరిపి ఉందా లేదా?"

"దానితో ఏమవుతుంది?"

"అది వేసి లేకపోతే, ముందున్న బటన్ నొక్కగానే కరెంటు ఠక్కున పోతుంది. ఆట ఎంతవరకు వచ్చిందో కంప్యూటరు మనసులో ఉంటుంది గానీ కార్డు మీద రాసుకుని ఉండదు. ఆపే ముందు రాసుకుంటుంది. రాసుకునే వ్యవధి ఇవ్వకపోతే మర్చిపోతుంది. ఆ గింజ పక్కకు జరిపావనుకో, బటన్ నొక్కితే కంప్యూటరుకి కబురెళ్తుంది. అది తన పని తాను సర్దుకుని, అప్పుడు నిద్రపోతుంది."

మెషినాయన కొట్టు ముందున్న బల్లకు ఆనుకుని నవ్వాడు. గింజంత స్విచ్ కోసం ఇన్నాళ్లు ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయాయా! ఆ సాయంత్రం భార్య వంటలో ఉండగా పెట్టె విప్పి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ గింజను పక్కకు నెట్టాడు. "అయిపోయిందిరా" అని బావమరిది భుజం తట్టాడు.

అవలేదు. మర్నాడూ పోయింది.

మళ్లీ కొట్టుకి. "ఓ పని చెయ్యి. ప్రోగ్రాం ఎక్కించావా? బటన్ కబురు పంపితే సరిపోతుందా, అవతల వినేవాడుండాలిగా. ఆ వినేవాడే ప్రోగ్రాం." ఆ మాట మొదటిరోజే చెప్తే ఏం పోయేదని మెషినాయనకు ఒళ్లు మండింది. కానీ మండించుకునే ఓపిక కూడా లేక కీబోర్డు అరువు తీసుకుని వచ్చేశాడు. ఆదివారం పగలు, భార్య బజారుకెళ్లిన వేళ, ఫోనులో చూస్తూ ఒంటివేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. ఎక్కడో చుక్క బదులు గీత కొట్టి, టీవీ నిండా తిట్లలాంటి అక్షరాలు వచ్చేలా చేసి, తుడిచి, మళ్లీ కొట్టాడు. చిన్నోడు పక్కన కూర్చుని, "బావా, గీత కాదు, చుక్క" అన్నాడు. ఆ ముక్కలో పాత చిన్నోడి గొంతు కాస్త వినిపించింది. దొంగ దొరికాడు బావా అన్నప్పటి గొంతు.

ప్రోగ్రాం ఎక్కింది. పరీక్షించారు. చిన్నోడు ఆడి, ఎంతవరకు వచ్చిందో ఆటలో దాచుకుని, పెట్టె ముందువైపు బటన్ నొక్కాడు. ఎర్రలైటు ఆరిపోలేదు. మిణుకుమిణుకుమంటూ కాసేపు తటపటాయించింది. టీవీ మీద ఏవో గీతలు గబగబా పరుగెత్తాయి. తర్వాత లైటు దానంతటదే ఆరింది. అప్పుడు మెషినాయన గోడ స్విచ్ ఆపి, మళ్లీ వేశాడు. పొట్టివాడు ఎక్కడ వదిలారో అక్కడే, కొత్త కోట గుమ్మంలో, దీపం పట్టుకుని ఉన్నాడు.

"చూశావా! బటన్ నొక్కాక లైటు ఆరేదాకా ఆగాలి. అంతే, గుర్తుపెట్టుకో."

"సరే బావా" అన్నాడు చిన్నోడు. వాడు ఆగకుండా ఏం చేస్తాడు? బటన్ నొక్కాక వాడికి మిగిలిన పనేం లేదు. గోడ స్విచ్ ముట్టుకునే మనిషి కాడు. ఆ మాట వినాల్సినవాళ్లు వేరే ఉన్నారని ఆ క్షణాన ఇద్దరికీ తట్టలేదు.

సోమవారం ఆడాడు. మంగళవారం చూస్తే పోయింది. మంగళవారం ఆడాడు. బుధవారం చూస్తే ఉంది! గురువారం ఉంది. శుక్రవారం మళ్లీ లేదు.

ఒకసారి కనిపించి ఒకసారి కనిపించని జబ్బంటే మెషినాయనకు ఒంటిమీద జెర్రి పాకినట్టుంటుంది. మెషిను మొత్తానికి తిరక్కపోతే దాని తల్లో ఏముందో తెలుస్తుంది. మనం వెళ్లినప్పుడు బుద్ధిగా తిరిగి, మనం మెట్లు దిగగానే మొరాయించే మెషినుంటుందే, అది మనిషి ప్రాణం తోడేస్తుంది. కరెంటు హెచ్చుతగ్గులని అనుకున్నాడు. అడాప్టరు మార్చాడు. కార్డు అరిగిందనుకున్నాడు. కార్డు మార్చాడు. పగలు పదిళ్లలో మెషిన్ల వెనక దూరి, సాయంత్రం ఇంట్లో ఈ పెట్టె వెనక దూరేసరికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కునికాడు. భార్య కంచం తీసేసి మూతి తుడిచి పడుకోబెట్టింది.

"ఎలా ఆపుతున్నావురా?" అని ప్రతిసారీ అడిగేవాడు.

"బటన్ నొక్కే ఆపుతున్నా బావా."

అబద్ధం కాదు కదా. నిజమే చెప్పాడు.

చివరికి ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెట్టె, గోడ ప్లగ్గు తీగ ఒక్కటి అక్కడే వదిలి, మిగతా తీగలతో సహా చుట్టి, గుమ్మం పక్కన పెట్టి ఉంది. చిన్నోడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి దుప్పటి కింద దాచుకున్నాడు.

"ఇది ఎవరికైనా ఇచ్చెయ్యి బావా. నా వల్ల కాదు."

"అదేంట్రా?"

"ఎన్నిసార్లు మొదటికి రమ్మంటావు? వేళ్లు నొప్పెట్టినా ఓర్చుకుని ఒక కోట దాటుతున్నా. పొద్దున లేచేసరికి దాటనట్టే ఉంటోంది. డాక్టరమ్మ దగ్గరకి కూడా ఇంక రాను. మీ ఇద్దరికీ నేనొక పని. అక్క కుట్టుమిషను మీద కాలర్లు కుట్టి కుట్టి వచ్చి నాకు వండుతుంది. నువ్వు ఈ పెట్టెకి ఊడిగం చేస్తున్నావు. చాల్లే."

మెషినాయన గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఇంతకాలంలో వాడు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది లేదు. మాట్లాడినందుకు సంతోషించాలా, మాటలకి ఏడవాలా తెలియలేదు. వాడు ఈ పెట్టె వదిలేశాడంటే చెయ్యి వదిలేసినట్టే. చెయ్యి వదిలేశాడంటే ఆ పని చేసింది తనే. ఆ ఇంట్లో, ఆ బోర్డు ముందు, చూసుకోకుండా ఆపేశా అన్న తన నోరే.

"ఒక్కరోజు ఓర్చుకో" అన్నాడు. "రేపు నేను పనికి పోను. పక్కనే కూర్చుని నువ్వు వేసిన దగ్గర్నుంచీ ఆపేదాకా చూస్తా. అప్పటికీ తేలకపోతే నేనే తీసుకెళ్లి ఓపనిచెయ్యిగారి నెత్తిన పెట్టి వస్తా."

చిన్నోడు నవ్వలేదు గానీ కాదనలేదు.

మర్నాడు ఫోనులో నలుగురికి సాకులు చెప్పి మెషినాయన ఇంట్లో కూర్చున్నాడు. పనిరోజు పగలు ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎండ కిటికీలోంచి వచ్చి, మంచం కాళ్ల మీదుగా నడిచి, గోడెక్కి పోతుంది. కింద వీధిలో అమ్ముకునేవాళ్ల కేకలు. పక్కింట్లో మెషిను, తను బాగుచేసిందే, బేరింగు అరిగి గొణుగుతోంది. ఆ గొణుగుడు మధ్య చిన్నోడు ఆడుతున్నాడు. ఆ రెండు వేళ్లు బటన్ చేరడానికి పడే పాట్లు దగ్గర్నుంచి చూసేసరికి ఆయనకు కళ్లు తిప్పుకోవాలనిపించింది. కళ్లు తిప్పుకోకూడదని కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక పొట్టివాడు ఒక కోట దాటాడు. బావ చప్పట్లు కొట్టబోయి, ఎక్కడ దృష్టి తగులుతుందోనని ఊరుకున్నాడు.

పొద్దువాలే వేళకు తలుపు తాళం చప్పుడైంది. భార్య వచ్చింది. కళ్ల కింద నీడలు, చున్నీ అంచున దారప్పోగులు. మొగుణ్ని ఇంట్లో చూసి ఆశ్చర్యపోయింది గానీ ఎందుకని అడిగే ఓపిక లేనట్టుంది. సంచి మేకుకి తగిలించింది.

"చాల్లేరా చిన్నోడా, కళ్లు పోతాయి. లే, మొహం కడుక్కో."

"ఆ, అక్కా." చిన్నోడు ఆటలో దాచుకుని, ముందు బటన్ నొక్కాడు. టక్కుమంది.

ఆ టక్కు ఇంకా గదిలో ఉండగానే ఆవిడ చెయ్యి గోడ మీదకి వెళ్లింది. చూడనైనా చూడలేదు. మొహం వంటగది వైపే ఉంది, అడుగు ముందుకే పడుతోంది, చెయ్యి మాత్రం వెనక్కి వెళ్లి పెట్టె స్విచ్‌నీ టీవీ స్విచ్‌నీ కలిపి ఆపేసింది. మిణుకుమిణుకుమనడం మొదలెట్టిన ఎర్రలైటు సగంలో చచ్చిపోయింది.

"నువ్వా!" మెషినాయన గావుకేక పెట్టాడు. "రోజూ ఇలాగే చేస్తున్నావా?"

ఆవిడ బెదిరిపోయి గోడకు ఆనుకుంది. "ఏం చేశానండీ?"

"ఆ లైటు ఆరకముందే ఆపేస్తే ఎలా? అది లోపల అన్నీ రాసుకోవద్దూ! ఎన్ని రోజులుగా నా ప్రాణాలు తోడేస్తున్నారు మీరిద్దరూ!"

"ఆపకపోతే ఎలాగండీ?" అంది ఆవిడ. "మీరేగా చెప్పారు, బటన్ మాట నమ్మొద్దని? గోడ దగ్గర ఆపితేనే కరెంటు పోయినట్టని? పొద్దున్న ఆ స్విచ్ వేసి వెళ్తాను. అక్కడ మిషను ముందు కూర్చున్నంతసేపూ అది వేసే ఉందన్న సంగతే గుండెల్లో కొట్టుకుంటుంది. ఇంటికి రాగానే ముందు అదే ఆపుతాను. ఆపాకే నాకు ఊపిరాడుతుంది."

మొత్తం మెషినాయనకు ఒక్కసారిగా బోధపడింది. ఓవర్‌టైమ్ పడిన రోజున చిన్నోడు బటన్ నొక్కి పడుకుంటాడు. ఈవిడ ఎప్పటికో వస్తుంది. పెట్టెకి తీరుబడి దొరుకుతుంది, ఆట ఉంటుంది. త్వరగా వచ్చిన రోజున పోతుంది. అడాప్టర్లు మార్చాడు, కార్డులు మార్చాడు, ఓపనిచెయ్యిగారిని తిట్టుకున్నాడు. ఇల్లంతా వెతికాడు గానీ తను పెట్టిన కట్టడి వైపు మాత్రం చూడలేదు. వాడి చేతిని కాల్చింది తన తొందర. ఇప్పుడు వాడి ఆటను కాల్చింది ఆ తొందరలోంచి పుట్టిన భయం. దానికి ఈ పిచ్చిది కాపలా కాస్తోంది.

"తప్పు నీది కాదు" అన్నాడు, కుర్చీలో కూలబడి. "అరిచాను. నాదే. మొదట్నుంచీ నాదే." ఆ చివరి మాట దేని గురించి అన్నాడో ముగ్గురికీ అర్థమైంది. పోయిన ఏడు నుంచి ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట అది.

పక్కింటి మెషిను గొణుగుతూనే ఉంది.

"రేపట్నుంచీ ఆగుతాను" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "కానీ నా వల్ల అవుతుందో లేదో తెలీదు. వాడి కాళ్ల దగ్గర తీగ ఉంటే నా చెయ్యి నా మాట వినదు."

"నువ్వు ఆపొద్దులే అక్కా." చిన్నోడు లేచి నిలబడ్డాడు. "నేను ఆపుతా."

"వద్దురా!" అంది అక్క.

"మళ్లీ వెయ్యి బావా. ఒకసారి చూద్దాం."

మెషినాయన లేచి స్విచ్‌లు వేశాడు. పెట్టె మేలుకుంది. ఆ రోజు కోట ఎలాగూ పోయింది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. చిన్నోడు ముందు బటన్ నొక్కాడు. ఎర్రలైటు మిణుకుమంది. అక్క రెండు చేతులూ చంకల్లో పెట్టి బిగించుకుంది, పరుగెత్తకుండా పిల్లల్ని పట్టుకున్నట్టు. లైటు తటపటాయించింది. ఆరింది.

చిన్నోడు గోడ దగ్గరకు నడిచాడు. బోర్డు ముందు నిలబడ్డాడు. దాని మీద స్విచ్‌లన్నీ ఒకే పోలికలో ఉన్నాయి. వాడు చెయ్యి ఎత్తి, మధ్యలో ఆపి, వెనక్కి తిరిగాడు.

"ఏది బావా?"

ఆ ప్రశ్న ప్రమాదం జరిగిన రోజు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మెషినాయన తిరిగి చూసేవాడేమో. నోటిదాకా వచ్చిన జవాబు మింగి, ముందు నేల మీద కూర్చున్నాడు. పెట్టె వెనక తీగ పట్టుకుని, మంచం కింద నుంచి, గోడ వెంబడి, వేళ్లతో తడుముకుంటూ బోర్డుదాకా వచ్చాడు. ప్లగ్గు చూశాడు. పైనున్న స్విచ్ చూశాడు. మళ్లీ ఒకసారి ప్లగ్గు చూశాడు.

"ఇది. చివర నుంచి రెండోది. చూశాను."

"చూశావా?"

"చూశానురా."

"నువ్వు చెప్తే నొక్కుతా" అని చిన్నోడు, సరిగా ముడుచుకోని ఆ వేలితోనే, స్విచ్ నొక్కాడు. చిన్న చప్పుడైంది. అక్క చంకల్లోంచి చేతులు తీసి మొహం మీద పెట్టుకుంది. "ఇంక మొహం కడుక్కో పోరా" అంది వేళ్ల సందులోంచి. ముగ్గురూ అన్నాలు తిన్నారు. అలసిపోయారు.

తర్వాత కొన్ని రోజులకు ఒక సాయంత్రం మెషినాయన బస్సు దిగేసరికి వీధి చివర భార్య ఎదురైంది. ఓవర్‌టైమ్ చేసి వస్తోంది. సంచి భుజం మీంచి జారిపోతుంటే ఆయన అందుకున్నాడు. ఇద్దరూ సందులోకి మళ్లారు. అలవాటు కొద్దీ ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు.

మూడో అంతస్తు కిటికీలో లైటు వెలుగుతోంది.

"పొద్దున్న నేను ఆపేసే వెళ్లానండీ" అంది ఆవిడ మెల్లగా. "మీరు మధ్యలో వచ్చారా?"

"లేదు. ఇప్పుడే వస్తున్నా."

ఇద్దరూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. మలుపు దగ్గర ఆయన సంచులు రెండూ కింద పెట్టాడు. ఆవిడ కూడా గోడకు చెయ్యానించి నిలబడింది. పైనుంచి దిగేవాళ్లెవరూ లేకపోయినా ఇద్దరూ పక్కకు జరిగి, కాసేపు ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కారు.